కరక్కాయ పాలలో నానిన ఫ్యాషన్

పటిక నీళ్లు పూసిన చోట గుడ్డ మీద ఏమీ కనబడదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు దేవతల పెదవులకూ, చీర అంచులకూ, నెమలి మెడ మీది గీతలకూ ఈ పటిక నీళ్లనే కలంతో పూసి ఆరబెడతారు. చూసేవాళ్లకు అక్కడ తడి తప్ప ఏ రంగూ ఉండదు. ఒకరోజైనా ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, ఎర్ర వేళ్లూ చెక్కలూ మరుగుతున్న గంగాళంలో గుడ్డను వేస్తారు. కర్రతో తిప్పుతూ ఉంటే కాసేపటికి పటిక తగిలిన చోటల్లా ఎరుపు పైకి తేలుతుంది. తగలని చోట పట్టిన లేత గులాబీ మసక తర్వాతి ఉతుకుల్లో పోతుంది. పటిక పూసేటప్పుడే ఎరుపు ఎక్కడెక్కడ రావాలో మనసులో లెక్క ఉండాలి. చెయ్యి తప్పితే ఆ సంగతి గంగాళంలోంచి తీశాకే తెలుస్తుంది. అప్పుడు దిద్దుకునే వీలు దాదాపు ఉండదు.

తిరుపతికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో తరతరాలుగా సాగుతున్న పని ఇది. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలో, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది శ్రీకాళహస్తి. వాయులింగ దర్శనానికీ, రాహుకేతు పూజకూ రోజూ వేలమంది వచ్చిపోతారు. వాళ్లలో ఎక్కువమంది గుడి వీధుల్లో పూసలూ, ఫొటోలూ కొనుక్కుని బస్సెక్కుతారు. నాలుగు వీధుల అవతల ఏ ఇంటి ముందో పాల వాసన వేస్తున్న గుడ్డలు ఎండలో ఆరుతుంటాయన్న సంగతి వాళ్లకు తెలియదు.

పెద్ద పెద్ద దుస్తుల కంపెనీలన్నీ ఇప్పుడు ‘సస్టెయినబుల్ ఫ్యాషన్’ అంటున్నాయి. నేలకూ నీళ్లకూ భారం కాకుండా, కుట్టిన మనిషి కడుపు కొట్టకుండా తయారైన బట్ట అని దాని భావం. ఈ మాటకు ఇంత గిరాకీ రావడానికి కారణాలు చాలానే ఉన్నాయి. ప్రపంచంలో ఏటా తయారయ్యే బట్టల పోగుల్లో సగానికి పైగా పాలిస్టరే, అంటే పెట్రోలియం సరుకే. ఒక్క నూలు టీషర్టు వెనక 2,700 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయన్న అంచనా తరచూ వినబడుతుంది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా దుస్తుల కార్మికులు చనిపోయాక, ‘నా బట్టలు ఎవరు కుట్టారు?’ అని కొనేవాళ్లే కంపెనీలను నిలదీసే ఉద్యమం బ్రిటన్‌లో మొదలైంది. ఆ తర్వాత ప్రతి బ్రాండూ ఏదో ఒక పచ్చ ఆకు బొమ్మను లేబుల్ మీదికి ఎక్కించుకుంది.

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఈ రంగంలో వచ్చిన కొత్తదనం ఏమిటని వెతికితే కళ్లు చెదిరే యంత్రాలేమీ దొరకవు. కాళహస్తిలో ముడిసరుకూ, రంగు తీసే తీరూ పెద్దగా మారలేదు. మారిందల్లా వాటి చుట్టూ ఉన్న వ్యాపారం. ఏ బట్ట మీద వేస్తున్నారు, ఎవరు వేస్తున్నారు, ఎవరికి అమ్ముతున్నారు, డబ్బు ఎవరి చేతికి వస్తోంది అన్న నాలుగు సంగతులూ గత అరవై డెబ్భై ఏళ్లలో తిరగబడ్డాయి. అసలు వినూత్నత అక్కడే ఉంది. అది అర్థం కావాలంటే ముందు పని ఎలా జరుగుతుందో తెలియాలి.

మొదట కోరా నూలు గుడ్డ కావాలి. ఇక్కడ దాన్ని గాడా అంటారు. మగ్గం మీద వేసిన గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. గుడ్డ లేత పసుపు రంగుకు తిరుగుతుంది. కరక్కాయలోని వగరు పదార్థం, అంటే టానిన్, నూలుకు పట్టుకుని తర్వాత వచ్చే రంగుకు ఆధారమవుతుంది. పాలలోని వెన్న, మాంసకృత్తులు పోగుల మధ్య చేరి, గీసిన గీత పక్కకు పాకకుండా ఆపుతాయి. గేదెపాలే ఎందుకంటే వాటిలో వెన్న ఎక్కువ కాబట్టి. పాలు వేయని గుడ్డ మీద ఇదే నలుపు పెడితే అద్దుడు కాగితం మీద సిరా చుక్కలా పరుచుకుంటుంది.

చింతబరికెలను కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. దాని మీద నలుపు. ఈ నలుపు తయారీకి తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. పులిసిన పులుపు ఇనుమును కరిగిస్తుంది. వడకట్టిన ఆ నీళ్ల పేరు కసిం. కలంలో ఉన్నప్పుడు దానికి పెద్ద రంగు ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే ఇనుమూ టానినూ కలిసి నల్లగా మారతాయి. ఒకప్పుడు బళ్లలో వాడిన సిరా కూడా ఇదే రసాయనం. కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. దానికి కాస్త పైగా ఉన్నిగానీ, గుడ్డపేలికగానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ సిరాను పీల్చుకుని ఉంటుంది. వేళ్లతో ఒత్తిన కొద్దీ మొనకు దిగుతుంది. సన్న గీతకు ఒక కలం, రంగు నింపడానికి మొన వెడల్పుగా ఉన్న ఇంకో కలం.

తర్వాత పటిక, గంగాళం, ఎరుపు. ఎరుపు కోసం పూర్వం తీరప్రాంతపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు తవ్వి తెచ్చేవాళ్లు. ఇప్పుడు చెవలికొడి, సురుడుచెక్క, మంజిష్ఠ కూడా వాడుతున్నారు. ఎరుపు వచ్చాక నేపథ్యం తెల్లబడేందుకు పేడ నీళ్లలో నానబెట్టి, ఎండలో పరచి, నీళ్లు చల్లుతూ ఉండటం పాత పద్ధతి. మళ్లీ ఒకసారి పాలు. ఆపైన కరక్కాయ పువ్వుతోనో, దానిమ్మ తొక్కతోనో పసుపు. పసుపు మీద నీలి వేస్తే ఆకుపచ్చ. ప్రతి రంగు మధ్యా ఉతుకు, ఎండ. మబ్బు పడితే పని ఆగుతుంది. ఒక చీర పూర్తవడానికి వారాలు పడుతుంది. రామాయణ కథంతా చెప్పే పెద్ద తెర అయితే నెలలు.

ఇందులో ఏ ఒక్కటీ ఈ తరం కనిపెట్టింది కాదు. పుదుచ్చేరి కేంద్రంగా పనిచేసిన జెస్యూట్ మిషనరీ ఫాదర్ గస్తోన్ లోరాన్ కర్దూ 1742లో ఫ్రాన్స్‌కు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. తెలుగు నేర్చి, తెలుగు నిఘంటువు కూడా కూర్చిన మనిషి. కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న అద్దకపు పనివాళ్లను అడిగి, కోరమాండల్ తీరంలో బట్టలకు రంగులు ఎలా వేస్తున్నారో మెట్టు మెట్టుగా అందులో వివరించాడు. గేదెపాలు, కరక్కాయ, వెదురు కలం, పటిక, చిరివేరు అన్నీ ఆ ఉత్తరంలో ఉన్నాయి. ఈనాటి మాటలో చెప్పాలంటే అది పారిశ్రామిక గూఢచర్యం. అప్పటికి మన రంగుబట్టల మోజు యూరప్‌ను ఎంతగా పట్టిందంటే, తమ మగ్గాలను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లోనే వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. బ్రిటన్ 1701లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా ఇంకోసారి చట్టాలు తెచ్చింది. ఉతికినా పోని రంగు వాళ్లకు లేదు, మనకు ఉంది.

ఆ పైచేయి ఎల్లకాలం నిలవలేదు. 1856లో విలియం పెర్కిన్ అనే కుర్రవాడు లండన్‌లో తారు నుంచి ఊదారంగు తీశాడు. 1869కి జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు చిరివేరు, మంజిష్ఠల జాతి వేళ్లలోని ఎరుపును ప్రయోగశాలలో తయారుచేశారు. దాని పేరు అలిజరిన్. 1897లో బీఏఎస్‌ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని మార్కెట్లోకి దింపింది. కొన్నేళ్లలోనే నీలి తోటలు కుప్పకూలాయి. పొరుగున కడప నీలికి మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉన్న పేరు కూడా ఆ దెబ్బతో చెరిగిపోయింది. శేషాచలం కొండల ఎర్రచందనం కథ కాస్త వేరు. ఒకప్పుడు ఎర్రరంగు కోసం ఓడలెక్కిన ఆ కలప, ఇప్పుడు అంతర్జాతీయ ఒప్పందాల కాపలాలో ఉంది. స్మగ్లింగ్ వార్తలకే పత్రికల్లో దాని పేరు కనిపిస్తోంది.

పూర్వం కాళహస్తిలో తయారైనవి మచిలీపట్నం సరుకులా విదేశీ ఎగుమతి కోసం కావు. అక్కడ చెక్క అచ్చులతో అద్దకం, ఇక్కడ కలంతో రాత. ఇక్కడి తెరలు గుళ్లకూ, జమీందార్లకూ, ఉత్సవ రథాలకూ వెళ్లేవి. బొమ్మ కింద తెలుగులో కథ రాసి ఉండేది. పంచకళ్ల పెద్ద సుబ్బరాయుడు అనే కాళహస్తి కళాకారుడు 19వ శతాబ్దం చివర వేసిన రామాయణ తెర లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అంతటి చేయి ఉన్న ఊరే 20వ శతాబ్దం నడిమికి పని మానేసే స్థితికి వచ్చింది. గుళ్లు తెరలు కొనడం తగ్గించాయి. జమీందారీలు పోయాయి. చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు.

అప్పుడు కమలాదేవి చటోపాధ్యాయ నాయకత్వంలోని అఖిల భారత హస్తకళల బోర్డు 1957 ప్రాంతంలో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించింది. పాత పని తెలిసిన జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ గురువు. ఆయన కొడుకు జొన్నలగడ్డ గురప్పశెట్టి అక్కడే నేర్చి, తర్వాత ఎందరికో నేర్పి, 2008లో పద్మశ్రీ అందుకున్నారు. రామాయణ, భారతాలతో పాటు బైబిలు కథను కూడా ఆయన తెరలకెక్కించారు. ఇప్పుడు కాళహస్తిలో కలం పట్టినవాళ్లను ఎవరి దగ్గర నేర్చావని అడిగితే చాలామంది గురుపరంపర ఏదో ఒక మలుపులో ఆ కేంద్రం దగ్గరికే చేరుతుంది. తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్పశిక్షణ సంస్థలో కలంకారీ కూడా ఒక కోర్సు.

శిక్షణ దొరికింది. కొనేవాళ్లు ఏరి? ఇక్కడే వ్యాపారం కొత్త దారి పట్టింది. గోడకు వేలాడే తెరను ఏ ఇల్లయినా ఒకసారి కొంటుంది. చీర, దుపట్టా, బ్లౌజు ముక్క, స్టోలు అయితే మళ్లీ మళ్లీ కొంటారు. కాబట్టి బొమ్మ గోడ దిగి ఒంటి మీదికి వచ్చింది. చెప్పినంత తేలిక కాదు ఇది. తెర మీద పది తలల రావణుడు నిలువెత్తున ఉంటే బాగుంటుంది. చీర కట్టుకుంటే కుచ్చిళ్లలో ఐదు తలలు ఎగిరిపోతాయి. కథను పల్లూకు తెచ్చి, మిగతా ఒంటినిండా పూలతీగలు, నెమళ్లు, కల్పవృక్షం పరిచారు. నూలుకే అలవాటుపడ్డ పాలూ కరక్కాయా పట్టు మీద ఎలా నిలుస్తాయో చూసుకున్నారు. టస్సరు, చందేరి, మంగళగిరి బట్టలన్నిటి మీదా ప్రయత్నించారు. ఆరుగజాల బట్ట ఉతికినప్పుడు రంగు ఆగాలి. గోడ తెరకు ఆ చింత లేదు.

చేసే మనుషులూ మారారు. పూర్వం ఇది ఎక్కువగా మగవాళ్ల పని. ఇంట్లో ఆడవాళ్లు కరక్కాయ దంచడం, గుడ్డ ఆరేయడం వంటి పనులు చేసేవాళ్లు, కాని పేరు వాళ్లది కాదు. ఇప్పుడు రంగు నింపే పనిలో మహిళలే ఎక్కువ. ఈ మార్పును ఒక వ్యాపార నమూనాగా మలిచినవాళ్లలో చెప్పుకోదగింది బెంగళూరు నుంచి అనితా రెడ్డి నడిపించిన ‘ద్వారక’. మురికివాడల్లో సామాజిక సేవ చేస్తూ వచ్చిన ఆమె, కాళహస్తి పరిసరాల మహిళలను బృందాలుగా కూర్చి, కలంకారీ నేర్పించి, వాళ్లు చేసిన చీరలనూ దుస్తులనూ బెంగళూరులో దుకాణం పెట్టి అమ్మించారు. 2011లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అక్కడి డిజైన్లలో పురాణ పురుషుల కన్నా చెట్లూ పక్షులూ ఎక్కువ. నగరంలో ఉద్యోగానికి వెళ్లే అమ్మాయి రోజూ వేసుకోదగ్గ కుర్తా కావాలంటే అలాగే ఉండాలి మరి. దళారి వచ్చి ముక్కకు ఇంత అని విసిరేసి పోయే పద్ధతికి, తామే లెక్క రాసుకునే బృందానికి తేడా ఏమిటో ఆ మహిళలకు చెప్పనక్కర్లేదు.

ఇంకో కొస నుంచి డిజైనర్లు వచ్చారు. హైదరాబాద్‌కు చెందిన గౌరంగ్ షా చేనేత చీరల మీద కలంకారీ వేయించి ఫ్యాషన్ ర్యాంపుల మీదికి ఎక్కించారు. ‘మహానటి’ దుస్తులకు మరో ఇద్దరితో కలిసి జాతీయ అవార్డు అందుకున్న డిజైనరు ఆయనే. ఇలాంటి చీరల ధర సామాన్యుడికి అందదు. అయినా వాటివల్ల ఒక మేలు జరిగింది. కలంకారీ అంటే దిండుగలేబు, టేబులుగుడ్డ అన్న అభిప్రాయం పోయి, పెళ్లికి కట్టుకోదగ్గ చీర అన్న లెక్కలోకి వచ్చింది. ఆపైన వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్. తెల్ల చీర మీద బొగ్గు గీతలు పడిన దశలోనే ఫొటో తీసి పంపితే, అమెరికాలో ఉన్న కస్టమరు ‘నెమలి కాస్త కిందికి దించండి’ అని జవాబిస్తుంది. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు సంచులూ, పుస్తకాల అట్టలూ, చెవిపోగులూ అవుతున్నాయి. కొవిడ్ కాలంలో కలంకారీ మాస్కులు కూడా అమ్ముడుపోయాయి.

ఇదే పాత చిత్తూరు జిల్లాలో రంగుల రెండో ముఖం చూడాలంటే నగరి, పుత్తూరు వైపు వెళ్లాలి. అక్కడి మరమగ్గాల వెంబడి అద్దకపు యూనిట్లు పెరిగాయి. వాటి వ్యర్థజలాలు కుశస్థలి నదిలో కలుస్తున్నాయని, తమిళనాడు వైపు తాగునీటికి కూడా ముప్పని ఏళ్లుగా ఫిర్యాదులు ఉన్నాయి. మరమగ్గం మీద బతికే కుటుంబాలను తప్పుపట్టడం తేలిక. తక్కువ ధరకు లంగా, తువ్వాలు, లుంగీ కొనే మనమంతా ఆ కాలువలో వాటాదారులమే. ఇంకా దక్షిణాన తిరుప్పూరులో నొయ్యల్ నది సంగతి అంతకన్నా పెద్దది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు యూనిట్లన్నిటినీ మూయించింది. చుక్క నీరు కూడా బయటికి వదలకుండా శుద్ధిచేసి తిరిగి వాడుకునే ఏర్పాటు చేసుకున్నాకే మళ్లీ తెరుచుకున్నాయి.

చట్టాలు కూడా సహజ రంగుల వైపు గాలి మళ్లించాయి. క్యాన్సరు కారక పదార్థాలుగా విడిపోయే కొన్ని అజో రంగులను 1990ల నడుమ జర్మనీ నిషేధించింది. 1997లో మన దేశం కూడా ఆ దారి పట్టింది. అప్పటిదాకా మ్యూజియం సరుకుగా చూసిన కరక్కాయ, దానిమ్మ తొక్క, నీలి మళ్లీ ఎగుమతిదారుల చర్చల్లోకి వచ్చాయి. హైదరాబాద్‌లో దస్తకార్ ఆంధ్ర, ఉజ్రమ్మ మొదలుపెట్టిన మల్ఖా వంటి ప్రయత్నాలు చేనేతకు సహజ అద్దకాన్ని జోడించింది ఆ వాతావరణంలోనే.

ఇంతవరకూ వినడానికి బాగుంది. కాని ‘సహజం’ అన్న ముద్ర పడగానే అన్నీ మాఫీ అనుకోవడం పొరపాటు.

నీళ్ల సంగతి చూడండి. ఒక్క చీర ఎన్నోసార్లు పారే నీళ్లలో జాడింపుకు వెళ్తుంది. స్వర్ణముఖి వానాకాలపు నది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. అప్పుడు గుడ్డల మూటలు ఆటోలో వేసుకుని పొలాల బోర్ల దగ్గరికి పోతారు. పటిక, బెల్లం, ఇనుము కలిసిన నీళ్లు అజో రంగుల మురుగుతో పోలిస్తే చాలా నయం. అయినా నీళ్లు నీళ్లే, అదీ రాయలసీమలో. గంగాళం కింద కట్టెల మంట, పాత్రలో గేదెపాలు, దూరం నుంచి తెచ్చిన మిల్లు నూలు, దాని వెనక పురుగుమందులు కొట్టిన పత్తి చేను ఇవన్నీ లెక్కలోకి రావాలి. అడవిలో వేళ్లు తవ్వి తీసే రంగుకు గిరాకీ పెరిగితే మొక్కే మిగలదు. చిరివేరు విషయంలో సాగు లేకుండా భారీ వ్యాపారం అసాధ్యం.

నీలం దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. నీలి నీళ్లలో కరగదు. పులియబెట్టి, గాలి తగలకుండా ఉంచినప్పుడే పోగుకు పడుతుంది. గాలి సోకగానే మళ్లీ గట్టిపడుతుంది. గుడ్డను తొట్టిలో ముంచడానికి అది సరిపోతుంది కాని, కలంతో చిన్న కన్ను చుట్టూ నీలం దిద్దడానికి నరకం. రాజీలు ఎక్కువగా జరిగేది అందుకే అక్కడ. ‘సహజ రంగులు’ అని అమ్మే చీరలో నలుపు, ఎరుపు ఇనుముతో, వేళ్లతో వచ్చి, నీలం మాత్రం సీసాలోంచి రావచ్చు. దాన్ని దాచకుండా చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. దాచడమే మోసం.

అంతకన్నా పెద్ద మోసం అచ్చు కలంకారీ. మిల్లులో స్క్రీన్ మీదో, డిజిటల్ యంత్రం మీదో అచ్చువేసిన బట్ట అదే పేరుతో, అదే నెమలితో వందల రూపాయలకు దొరుకుతుంది. కొన్నిసార్లు అది పాలిస్టరు కూడా. కాళహస్తి కళాకారుడు నెల తిరిగి గీసిన డిజైను ఫోనులో చూసి కాపీ కొట్టడానికి ఒక్క పూట చాలు. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాష్ట్రంలో ఆ గుర్తింపు పొందిన తొలి వరస ఉత్పత్తుల్లో అది ఒకటి. ఆ గుర్తింపు ఇచ్చే చట్టం పేరును కాపాడుతుంది. ఊరి పేరు తీసేసి ఒట్టి ‘కలంకారీ ప్రింట్’ అని రాసి అమ్మేవాణ్ని పట్టుకోవడం మాత్రం కష్టం. కేసు వేయాల్సింది రోజంతా పీట మీద వంగి కలం పట్టే మనిషి, అతనికి లాయరు ఫీజు ఎక్కడిది?

దీనివల్ల కూలీ మీద దెబ్బ పడుతుంది. అచ్చు చీర ధర చూసి వచ్చిన కొనుగోలుదారు, చేతి చీరకు అంతకు పది రెట్లు ఎందుకని బేరమాడతాడు. దళారి తన వాటా తగ్గించుకోడు. చివరికి తగ్గేది రంగు నింపిన ఆమె కూలీ. పిల్లలు ఈ పని వద్దని చెన్నై దారిలో శ్రీసిటీ కంపెనీల్లో చేరుతుంటే వాళ్లను ఎవరూ ఆపలేరు. నెల మొదట్లో జీతం పడే ఉద్యోగం ముందు, పండగ సీజనులో డబ్బు, ఆషాఢంలో అప్పు అన్న లెక్క నిలవదు. పర్యావరణానికి హాని చేయని బట్ట తయారుచేసిన మనిషి వడ్డీకి డబ్బు తెచ్చుకుని బతుకుతుంటే, ఆ బట్ట మీది పచ్చ ఆకు బొమ్మకు అర్థం లేదు. బృందంగా పనిచేసే పద్ధతి, నేరుగా అమ్మకం, సగం సొమ్ము ముందే చెల్లించే ఆర్డర్లు అనేవి రంగుల కన్నా ముఖ్యమైన ఆవిష్కరణలని చెప్పడం అందుకే. వెదురుకలం రెండున్నర శతాబ్దాలకు ముందే పూర్తిగా తయారైపోయింది. తయారుకావాల్సింది దాని చుట్టూ ఉన్న లెక్కల పుస్తకం.

కొనేవాళ్లు చేయగలిగిన పని కొంత ఉంది. గుడ్డ తిరగేసి చూడండి. చేతితో పెట్టిన నలుపూ ఎరుపూ వెనక్కి దిగి ఉంటాయి. అచ్చు రంగు చాలాసార్లు పైపైన పొరలా నిలిచి, తాకితే బిరుసుగా తగులుతుంది. ఒకే పువ్వు పక్కపక్కన నాలుగుసార్లు ఉంటే నాలుగూ పోల్చండి. గీత మందంలో, ఆకు వంపులో తేడా ఉంటే మనిషి చెయ్యి పడినట్టే. అచ్చంగా ఒక్కలా ఉంటే యంత్రమో, అచ్చుచెక్కో. నేపథ్యం ధవళంగా మెరవదు, పాలమీగడ రంగులో ఉంటుంది. మెరిసే గులాబీ, చిలకపచ్చ కనిపిస్తే వేళ్లూ చెక్కలతో వచ్చినవి కావు. కొత్త గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే పాలూ కరక్కాయా కలిసిన వగరు వాసన వస్తుంది. రెండు ఉతుకులకు అది పోతుంది, కంగారు పడక్కర్లేదు. నీడలో ఆరేయండి, గట్టి డిటర్జెంటు వద్దు.

అమ్మేవాళ్లను రెండు మాటలు అడగండి: నీలం దేంతో వేశారు, రంగు నింపింది ఎవరు. జవాబు చెప్పగలిగిన దుకాణంలోనే కొనండి. రాహుకేతు పూజకు శ్రీకాళహస్తి వెళ్లినప్పుడు ఓ గంట మిగుల్చుకుని పని జరిగే ఇంటికే వెళ్లి చూడండి. నచ్చి ఆర్డరు ఇస్తే సగం డబ్బు ముందే ఇవ్వండి. వచ్చే వారం పెళ్లి ఉంది, త్వరగా చేయమని మాత్రం అడగకండి. పటిక ఆరడానికి ఎంత ఎండ కావాలో అంత కావాల్సిందే.